కుక్క కాలికి నల్ల టేపు

మా ఇంట్లో నల్ల టేపు చుట్టని వస్తువు వెతికితే గానీ దొరకదు. కుక్కర్ పిడికి టేపు, రిమోట్ వీపుకి టేపు, మా ఆవిడ చెప్పు పట్టీకి టేపు, చివరికి దేవుడి గూట్లో సీరియల్ లైట్ల వైరుకీ టేపే. ఛత్తీస్‌గఢ్ ఉక్కు ప్లాంటులో మూడు దశాబ్దాల పైన కేబుల్ జాయింటర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. తెగిన కేబుళ్లను కలిపి, లోపలికి నీళ్లు గానీ గాలి గానీ చొరబడకుండా చుట్టడం నా పని. ఉద్యోగం అయిపోయినా చేతులు ఊరుకోవు కదా. ఇంట్లో ఏది కాస్త వదులైనా నా చెయ్యి సొరుగులోకి పోతుంది. ఒకసారి మా ఆవిడ తల పగిలిపోతోంది అంటే, టేపు తేనా అన్నాను. తనకి నవ్వు రాలేదు.

అందుకని కుక్క కాలికి దెబ్బ తగిలినప్పుడు నేనేం చేసి ఉంటానో ఈపాటికి మీకు అర్థమైపోయే ఉంటుంది. పోయిన వేసవి సంగతి ఇది. దాచిందేమీ లేదు, మా క్వార్టర్ల లైన్లో అందరికీ తెలుసు. ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు మింగుడుపడటం లేదు.

కుక్క మా ఆవిడది. ఒక వానాకాలం మా క్వార్టర్ వెనక కాలువ పక్కన తడిసి ముద్దై వణుకుతుంటే, జాలిపడి పెరుగన్నం పెట్టింది. అంతే, ఇక కదిలితే ఒట్టు. నేను మొదట్లోనే తెగేసి చెప్పాను, వరండా దాటి లోపలికి వచ్చిందంటే నేనైనా ఉండాలి, అదైనా ఉండాలి అని. మా ఆవిడ కాసేపు ఆలోచించింది. అందులో అంత ఆలోచించేదేముందో నాకు అర్థం కాలేదు.

దానికి నేనంటే భయం. నా గొంతు పెద్దది. మిల్లు రొదలో అరిచి అరిచి అలవాటు పడ్డ గొంతు, మంచినీళ్లు అడిగినా తగువుకి వచ్చినట్టే ఉంటుంది. నా స్కూటర్ చప్పుడు వినగానే అది వరండా మెట్టు దిగి జామచెట్టు కిందికి పోయేది. నేను లోపలికి వెళ్లాక మళ్లీ ఎక్కి పడుకునేది. ఏళ్ల తరబడి మా ఇద్దరి కాపురం ఇలాగే సాగింది. మా సెక్టార్లో పుట్టిన తెలుగు పిల్లలందరిలాగే దానికీ తెలుగు అర్థమవుతుంది గానీ, మాట వినేది హిందీలోనే. 'రా' అంటే తోక ఊపుతుంది, 'ఆజా' అంటే వస్తుంది. నేను ఏ భాషలో పిలిచినా వచ్చేది కాదు. నేనూ ఎప్పుడో గానీ పిలిచేవాణ్ణి కాదు.

మార్చి నెలాఖర్లో విజయనగరంలో మా వదినగారికి మోకాలి ఆపరేషన్ అయింది. అక్కని చూసుకోవడానికి మా ఆవిడ బయల్దేరింది. దుర్గ్ స్టేషన్‌లో రైలెక్కి, కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని, అప్పగింతలు మొదలుపెట్టింది.

"వాడికి వేడివేడిది పెట్టకండి, చల్లారినాక పెట్టండి. గిన్నెలో నీళ్లు రోజూ మార్చండి. మీ కోపం వాడి మీద చూపించకండి. నేను తప్ప వాడికి ఎవులున్నారు?"

"మరి నాకెవరున్నారు?" అన్నాను.

"మీకు మీ టేపు ఉన్నాది కదా" అంది. రైలు కదిలింది.

మొదట్లో కుక్క నా మొహం కూడా చూడలేదు. గేటు దగ్గర రోడ్డుకేసి తిరిగి కూర్చునేది. ఆటో ఆగితే లేచి నిలబడేది, దిగింది తన మనిషి కాదని తెలిశాక మళ్లీ కూర్చునేది. నేను పెట్టిన పప్పన్నం వాసన చూసి వదిలేసేది. అందులో దాని తప్పేమీ లేదు, నా పప్పు నాకే సయించదు. తర్వాత ఒక ఉదయం వరండాలో టీ తాగుతుంటే మెల్లగా మెట్టెక్కి వచ్చి, నా కాలు అందేంత దూరంలో కూర్చుంది. "నా వైపు చూసి ఏం లాభం? ఆవిడ విజయనగరంలో ఉంది" అన్నాను. తోకతో నేలని ఒక్కసారి కొట్టింది. టీలో ముంచిన బిస్కెట్టు ఇస్తే తినేసింది. అబద్ధమెందుకు, నాకు సంతోషమైంది. చుట్టూ చూశాను, ఎవరైనా చూస్తున్నారేమోనని.

ఆ తర్వాత అది నన్ను చూసి జామచెట్టు కిందికి పోవడం మానేసింది. నేను పెరట్లో ఉంటే పెరట్లోనే పడుకునేది. నేను ఏదైనా మరమ్మతు చేస్తుంటే, తల ముందుకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు మాత్రం తిప్పుతూ చూసేది. నేనూ పనిలో పనిగా దానికి చెప్పడం మొదలుపెట్టాను, ఈ స్క్రూ ఎందుకు రాదు, ఈ మోటారు ఎందుకు మూలుగుతోంది అని. నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు.

ఎండలు ముదిరేలోపు కూలర్ సిద్ధం చేసుకోవడం మా ఊళ్లో పండగ ముందు ఇల్లు దులుపుకోవడం లాంటిది. మా కూలర్ అడుగున నీళ్లుండే తొట్టి తుప్పుపట్టి చిల్లులు పడింది. పవర్ హౌస్ మార్కెట్‌కి వెళ్లి రేకు కొనుక్కొచ్చాను. తొట్టికి కొత్త అడుగు వేద్దామని పెరట్లో కూర్చుని, రేకు కత్తెరతో కత్తిరించాను. అంచులు సన్నటి పట్టీలుగా తెగి, కొసలు మెలితిరిగి నా చుట్టూ పడ్డాయి.

నా కింద పనిచేసిన హెల్పర్లని ఎవరినైనా అడగండి. పనైపోయాక చోటు ఊడవకుండా ఎవరినీ కదలనిచ్చేవాణ్ణి కాదు. ఒక వైరు ముక్క కనబడితే వర్క్‌షాపు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి. అలాంటి నేను ఆ రోజు, ముందు నీళ్లు పోసి కారుతుందో లేదో చూద్దాం, తర్వాత ఊడుద్దాం అనుకున్నాను. గొట్టం తేవడానికి లోపలికి నడిచాను.

కుక్క లేచి నా వెనకే వచ్చింది. నా వెనక నడవడం దానికి కొత్త అలవాటు. అంతకుముందులా నన్ను చూసి భయపడి దూరంగా ఉండి ఉంటే, దానికి ఏమీ అయ్యేది కాదు.

కుయ్ మని చిన్న శబ్దం వినబడి వెనక్కి తిరిగాను. ముందు కుడికాలు గాలిలో పెట్టుకుని నిలబడి ఉంది. గచ్చు మీద నెత్తురు చుక్కలు. రేకు పట్టీ పాదం కింద మెత్తటి భాగాన్ని ఒక అంచున కోసింది. కడిగి చూస్తే వేలి గోరంత గాయం, లోతు లేదు. నెత్తురు కూడా కాసేపటికే ఆగింది. నేను ప్లాంటులో అలాంటివి చేతికి ఎన్ని చేసుకున్నానో. పసుపు అద్ది, పాత బనియన్ చింపి కట్టు కట్టాను.

నేను చేతులు కడుక్కుని వచ్చేలోపే అది కట్టు విప్పేసి గాయం నాకుతోంది. మళ్లీ కట్టాను. మళ్లీ విప్పింది. దారంతో ముడేస్తే దారం కొరికేసింది. ఎండ నడినెత్తికి వచ్చింది, కూలర్ సగంలో ఉంది, నాకు తిక్క రేగింది. "ఉండు, నీ పని చెప్తా" అని సొరుగు లాగాను.

మా పనిలో టేపు చుట్టడానికి ఒక పద్ధతుంది. వదులుగా చుట్టినవాణ్ణి జాయింటర్ అనరు. టేపుని సన్నబడి మెరిసేదాకా సాగదీయాలి. అలా సాగిన టేపు మళ్లీ తన పాత కొలతకి రావాలని చూస్తూ లోపలికి బిగుసుకుంటూనే ఉంటుంది. ఒక చుట్టు మీదికి రెండో చుట్టు సగం ఎక్కాలి. సగం మీద సగం, సగం మీద సగం. ఆఖరి చుట్టు ఒక్కటే లాగకుండా ఊరికే అంటించి వేలితో రుద్దాలి, లేదంటే కొస ఊడి వస్తుంది. నా ఉస్తాదు నాకు నేర్పిన పద్ధతి ఇది, నేను నా తర్వాతవాళ్లకి తిట్టి మరీ నేర్పాను. నేను చుట్టిన జాయింట్లు ఇప్పటికీ ఆ భూమిలో ఎక్కడో పనిచేస్తూనే ఉంటాయి.

కుక్క పాదం మీద బనియన్ గుడ్డ పెట్టి, పైన అచ్చం అలాగే చుట్టాను. పాదం నుంచి మణికట్టు పైదాకా. ముందు గోళ్లు మాత్రం బయటికి వదిలాను. చుట్టినంతసేపూ అది కదల్లేదు. టేపు లాగినప్పుడల్లా నా చెయ్యి నాకింది. ఓహో, విశ్వాసం చూపిస్తోందనుకున్నాను. "సర్లే, సర్లే" అని చెయ్యి లుంగీకి తుడుచుకున్నాను. అది నాకేం చెప్పిందో ఇప్పటికీ తెలియదంటాను. తెలియదనుకుంటేనే నాకు కాస్త సుఖంగా ఉంటుంది, అందుకని అలా అంటున్నానేమో కూడా.

పని చూసుకుంటే ముచ్చటేసింది. ఒక్క ముడత లేదు. ఫొటో తీసి, రిటైరైన మా జాయింటర్ల గ్రూపులో పెట్టాను. పైకెత్తిన బొటనవేళ్లు వరసగా పడ్డాయి. ఒకాయన 'క్యా ఫినిషింగ్ హై, ఉస్తాద్' అని రాశాడు. ఇంకొకాయన, ఈ జాయింటు కుక్క కంటే ఎక్కువ కాలం ఉంటుందని రాశాడు. అది చదివి నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

సాయంత్రం మా ఆవిడ వీడియో కాల్ చేసింది. ఫోను కుక్క కాలి దగ్గర పెట్టి చూపించాను.

"ఏటండీ అది? అంత బిర్రుగా చుట్టీసినారు?"

"బిర్రుగా చుట్టకపోతే నాకేస్తోంది."

"నాకితే నాకనియ్యండి. పుండుకి గాలాడాల."

"ఇన్నేళ్లూ నేను ప్లాంటులో ఏం చేశాననుకున్నావు? టేపు చుట్టడం నువ్వు నేర్పుతావా నాకు?"

"వాడు వైరు కాదు కదండీ" అంది.

ఫోను కట్ చేశాను. చాలాసేపు గొణుక్కున్నాను కూడా. అక్క మోకాలు చూసుకోమని పంపితే అక్కణ్ణుంచి నా పనికి వంకలు పెడుతుందేమిటని.

మర్నాడు కుక్క టేపుని కొరకడం మొదలుపెట్టింది. పక్కపళ్లతో పట్టి గుంజుతోంది. "చుప్!" అని ఒక్క అరుపు అరిచాను. ఆగి, నా వైపు చూసి, కాసేపయ్యాక మళ్లీ మొదలుపెట్టింది. ఇది మాట వినేలా లేదని, కొరికిన చోట పైనుంచి ఇంకో వరస వేశాను. ఈసారి కోపంలో చుట్టాను కాబట్టి ఇంకా లాగి చుట్టాను. ఆ తర్వాత అది కొరకలేదు. వరండాలో మంచం కిందికి వెళ్లి పడుకుంది. కోడిగుడ్డు ఉడకబెట్టి పెడితే ముట్టలేదు. మా ఆవిడ మీద బెంగ అనుకున్నాను. చప్పుడు చేయకుండా పడుకుంది కాబట్టి నొప్పి తగ్గిందనుకున్నాను. నేను కూలర్ పని పూర్తిచేసి, ఫ్యాన్ వేసుకుని, చల్లగాలికి కమ్మగా నిద్రపోయాను. అది నాకు నాలుగడుగుల దూరంలోనే ఉంది.

తెల్లారాక టీ, బిస్కెట్టు పట్టుకుని వచ్చి 'ఆజా' అన్నాను. మూడు కాళ్ల మీద లేచింది. నాలుగోది నేలకి ఆనించలేదు. దగ్గరికి వచ్చి కూర్చుని, ఆ కాలు నా వైపు కాస్త ముందుకు పెట్టింది. అప్పుడు చూశాను. టేపు అంచు దాటి వేళ్లు ఉబ్బి, గోళ్లు ఒకదానికొకటి ఎడంగా విడిపోయి ఉన్నాయి. ముట్టుకున్నాను. గచ్చు అప్పటికే వెచ్చబడింది. ఆ వేళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి.

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. టేపు కొస కోసం వెతికాను. దొరకలేదు. ఊడి రాకూడదని రుద్ది రుద్ది అంటించింది నేనే కదా. నా పనితనం నాకే అడ్డం వచ్చింది. కత్తెర దూర్చుదామంటే సందు లేదు. పక్క క్వార్టర్ దీదీని కేకేశాను. ఛత్తీస్‌గఢీ ఆవిడ, మా ఆవిడకి ప్రాణం. పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "హాయ్ రామ్, భయ్యా!" అని మాత్రం అంది. దాని తల ఒళ్లో పెట్టుకుని "బస్ బేటా, బస్ బేటా" అంటూ కూర్చుంది. నేను కేబుల్ పొర కోసే చిన్న కత్తితో పైనుంచి కొద్దికొద్దిగా గీస్తూ, ఒక్కో వరస విప్పాను. వెంట్రుకలు ఊడి వస్తున్నాయి. అది మూలిగింది గానీ కరవలేదు. కరిస్తే బాగుండునని మనసులో కోరుకున్నాను.

ఆఖరి వరస, గుడ్డ కూడా తీశాక, పాదం చుట్టూ గీతలు కనబడ్డాయి. నేను చుట్టిన చుట్లన్నీ చర్మం మీద అచ్చుపడ్డాయి. సగం మీద సగం, ఒక్కటి కూడా తప్పకుండా. పాదం తడిగా, పాలిపోయి, అదో రకం వాసన వేస్తోంది. రేకు కోసిన అసలు గాయం వెతుక్కోవలసి వచ్చింది. అది మూసుకుపోతోంది. ఏమీ చేయకుండా వదిలేసి ఉంటే ఈపాటికి పరిగెడుతూ ఉండేది.

కేబుల్ మీద చెయ్యి వేసే ముందు అందులో కరెంటు లేదని పరీక్ష చేసుకోవాలి. మా పనిలో మొదటి పాఠం అదే. 'డెడ్' అని తేలాకే ముట్టుకోవాలి. అంటే నా చేతులు అన్నేళ్లూ పట్టుకున్నవన్నీ ప్రాణం లేనివే. ఎంత లాగినా వాటికి నొప్పి లేదు, వాపు రాదు, నెత్తురు ఆగదు. ఆ చేతులతో నేను గర్వంగా ఒక బతికున్న కాలిని పట్టుకున్నాను. మా ఆవిడ ఒక్క మాటలో చెప్పింది. నేను ఫోను కట్ చేశాను.

దీదీ ఆటో పిలిచింది. పశువుల డాక్టరమ్మ వయసులో చిన్నది. ఎవరు కట్టారని హిందీలో అడిగింది. "మైనే" అన్నాను. నా గొంతు అంత చిన్నగా రాగలదని నాకే తెలియదు. ఆమె ఒక్కో వేలూ నొక్కి చూసింది. మిగతా వేళ్లకి నెత్తురు తిరిగి వస్తోందట. చివరి వేలు గురించి ఇప్పుడే చెప్పలేనంది. నల్లబడితే తీసేయాలట, కొన్నాళ్లు ఆగి చూద్దాం అంది. సూది మందు వేసి, మాత్రలు రాసింది. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాలు ఉంచమని, బాగా తుడిచి పూత మందు రాసి, పలచటి గుడ్డ వదులుగా కట్టమని చెప్పింది. "కట్టు కింద మీ చిటికెనవేలు దూరాలి, గుర్తుపెట్టుకోండి" అంది. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. నేనూ చిన్నపిల్లవాడిలాగే తలూపాను.

ఇంటికొచ్చాక ఫోను చేతిలో పట్టుకుని సాయంత్రం దాకా అటూ ఇటూ తిరిగాను. చివరికి చేసి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. రేకు, టేపు, రెండో వరస, వేలు.

"తిన్నాడా?" అంది.

"లేదు."

"మీరు?"

"లేదు."

"ముందు మీరు తినండి. మీరు తింటే వాడు తింటాడు." అంతే, పెట్టేసింది.

కంచం పెట్టుకుని వరండాలో నేల మీద కూర్చున్నాను. అన్నం దిగలేదు గానీ దిగమింగాను. అది నా వైపే చూస్తోంది. ఒక ముద్ద చేతిలో పెట్టి చాపాను. తింది. ఇంకో ముద్ద తింది. నేను పెట్టిందల్లా తింది. దాన్ని ఆ స్థితికి తెచ్చిన చెయ్యే అది. తెలిసి తింటోందో తెలియక తింటోందో నాకు అర్థం కాలేదు. ఏదైనా నాకు ఏడుపే వచ్చింది.

తర్వాత రోజులన్నీ ఆ వేలు చుట్టూనే తిరిగాయి. పొద్దునా సాయంత్రం నీళ్లు కాచి, ఉప్పు వేసి, నా మోచేయి ముంచి వేడి చూసుకుని, మగ్గులో దాని కాలు పెట్టేవాణ్ణి. అది ఒళ్లంతా నాకు ఆనించి నిలబడేది. పొద్దున్నే కట్టు విప్పేటప్పుడు ముందు కళ్లు మూసుకునేవాణ్ణి, తర్వాత ఒక కన్ను తెరిచి రంగు చూసేవాణ్ణి. కట్టు కట్టి చిటికెనవేలు దూర్చి చూసుకుని, నమ్మకం లేక ఇంకాస్త వదులు చేసేవాణ్ణి. అది ఊడిపోయేది. మళ్లీ కట్టేవాణ్ణి. విప్పినందుకు ఒక్కసారీ అరవలేదు. పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం పీకి, తాడు కట్టి పెరడంతా లాగాను. గడ్డిలోంచి ఇంకా రేకు ముక్కలు అంటుకుని వచ్చాయి. ఏరేసిన తర్వాత కూడా రోజూ లాగుతూనే ఉన్నాను. వరండా దాటకూడదన్న మాట కూడా అప్పుడే పోయింది. ఎండగా ఉందని నేనే దాన్ని ఎత్తుకుని లోపల కూలర్ ముందు పడుకోబెట్టాను.

గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. ఇలా జీవాల కాళ్లకి ఎవరూ టేపు చుట్టకండి అని కూడా రాశాను. దానికీ రెండు బొటనవేళ్లు పడ్డాయి. కొందరు అది చదవకుండా పై ఫొటో ఒక్కటే చూసి, ఇప్పటికీ 'ఉస్తాద్‌కి సలాం' అంటూ ఉంటారు.

ఆ వేలు గోరు ఊడిపోయింది. ఊడిన రోజే దాన్ని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ చూసి, కింద కండ ఎర్రగా ఉంది, వేలు నిలుస్తుంది అంది. గోరు మాత్రం సరిగ్గా రాకపోవచ్చట. ఆ తర్వాత కొద్ది రోజులకే మా ఆవిడ వచ్చింది. గేటు దగ్గర దాని గెంతులు చూడాలి. కుంటుతూనే గెంతింది. తను సంచులు రోడ్డు మీదే వదిలేసి కూర్చుండిపోయి, కాలు చేతిలోకి తీసుకుని, గోరు లేని వేలిని బొటనవేలితో నిమిరింది. నేను ఆటో పక్కన నిలబడి ఉన్నాను. ఇప్పుడు పడతాయి తిట్లు అని సిద్ధంగా ఉన్నాను. తను లేచి సంచులు అందుకుంది.

ఆ రోజంతా చూశాను. వంట చేసింది, అక్క కబుర్లు చెప్పింది, కూలర్ బాగా తిరుగుతున్నాది అంది. చివరికి ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఏమే, తిట్టవేం?"

తను బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "తిట్టీస్తే మీకు తేలికయిపోద్ది" అంది.

కోపంగా అనలేదు. అదే కష్టం. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి నా లోపల ఏది ఎక్కడ పడుతుందో బాగా తెలుసు.

టేపు చుట్టను మీటర్ బోర్డు మీదికి విసిరేశాను. మళ్లీ దాన్ని ముట్టలేదు. కుక్కర్ పిడి ఊగితే, పోయి కొత్తది కొన్నాను. వానలు పడి, తగ్గి, చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం మిక్సీ వైరు ప్లగ్ దగ్గర చిట్లింది. చట్నీ సగంలో ఆగిపోయింది. "దీనికి కూడా కొత్తది కొంటారేటి? కాస్త చుట్టి ఇయ్యండి" అంది మా ఆవిడ. ఇంక తప్పక టేపు దించి, దుమ్ము దులిపి, వైరు కోసి కలిపి, గడప దగ్గర వెలుతురులో కూర్చున్నాను. కుక్క వరండాలో ఎండ పొడలో పడుకుని ఉంది.

చుట్ట నుంచి టేపు లాగగానే చర్రుమంది. కుక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చప్పుడు దానికి గుర్తుండి ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. ఇప్పుడు లేచి జామచెట్టు కిందికి పోతుంది, ఇక నా దగ్గరికి రాదు, రాకపోవడమే న్యాయం అనుకున్నాను. పోతే పోనీ, చూడకూడదని తల దించుకున్నాను.

అది లేచింది. ఒళ్లు విరుచుకుంది. చలికి ఆ కాలు ఇంకా కాస్త పట్టేస్తుంది, రెండడుగులు కుంటి తర్వాత సర్దుకుంటుంది. నా ముందుకు వచ్చి కూర్చుని, కుడికాలు ఎత్తి నా మోకాలి మీద పెట్టింది. ఆ గోరు లేని కాలే. పెట్టి, కట్టు కట్టించుకోవడానికి ఎదురుచూస్తున్నట్టు తల పక్కకి తిప్పుకుంది.

మా ఆవిడ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"కాలు ఇచ్చినాడు కదా, పట్టుకోండి" అంది.

టేపు పక్కన పెట్టి, ఆ పాదాన్ని చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. ఎంత గట్టిగా పట్టుకోవాలో నాకు తెలియలేదు.